ఆయమ్మ అనని మాట

హాజరు పట్టీలో తప్ప ఆవిడ అసలు పేరు ఎక్కడా కనిపించదు. ఆ సంస్థలో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ సున్నాలత్తయ్యే. అచ్చుకు వెళ్లే కాగితంలో ఒక్క సున్నా ఎగిరిపోయినా, ఇంట్లో పసిపిల్ల తప్పిపోయినంత గోల చేస్తుంది. వయసు అరవై రెండు. కోపం మాత్రం ఇరవై ఏళ్లప్పటిదే, ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కు మీదే కళ్లద్దాలు కూడా ఉంటాయి కాబట్టి రెండింటికీ చోటెలా సరిపోతోందో అని వెనకాల నవ్వుకుంటారు. ఎదురుగా నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

సంస్థ అన్నాను కదాని మేడలూ మిద్దెలూ ఊహించుకోకండి. కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు, పక్కనుంచి ఇనప మెట్లు, పైన మూడు గదులు. మొదటి గదిలో సంస్థ నడిపే మేడమ్ బల్ల, వచ్చినవాళ్లు కూర్చోడానికి రెండు బెంచీలు. రెండో గదిలో కంప్యూటరు ముందు కంపోజింగ్ పిన్ని, కిటికీ పక్కన సున్నాలత్తయ్య. మూడో గదికి కిటికీ లేదు, నేల నుంచి కప్పు దాకా పుస్తకాల కట్టలే. అన్నీ ఆడవాళ్లు రాసినవి, లేకపోతే ఆడవాళ్ల గురించి రాసినవి. లాభాపేక్ష లేని సంస్థ అని బోర్డు మీదే రాసి ఉంటుంది. అది చదివి కింద సైకిళ్లాయన, "లాభం లేకపోతే మరి అంతమంది పొద్దస్తమానం పైన ఏం చేస్తారమ్మా?" అని ఇప్పటికీ అడుగుతుంటాడు.

ఇక్కడికి రాకముందు సున్నాలత్తయ్య ఇరవై రెండేళ్లు మగవాళ్ల ప్రెస్సుల్లో పనిచేసింది. సీసం అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టి ప్రూఫులు దిద్దే దాకా వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి, "ఇంట్లో కూడా ఒకడి తప్పులు దిద్దే ఓపిక నాకు లేదు" అని చెప్పేది. ఆ ప్రెస్సుల్లో ఆవిడ దిద్దిన పుస్తకాల్లో ఆడవాళ్లు ఏడ్చేవాళ్లు, లేకపోతే చచ్చిపోయేవాళ్లు, ఆ రెండూ కుదరకపోతే క్షమించేవాళ్లు. అక్షరం తప్పయితే దిద్దొచ్చు. మనిషినే తప్పుగా రాస్తే దిద్దే హక్కు ప్రూఫులు చూసేవాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ ఇరవై రెండేళ్లు పళ్లు కొరుక్కుంటూ సున్నాలూ కొమ్ములూ సరిచేసింది.

అందుకే మేడమ్ పిలవగానే ఎగిరి గంతేసి వచ్చేసింది. మేడమ్ మీద ఆవిడకి అంతులేని గౌరవం. మొదటి రోజుల్లో పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బడీ బడీ తిరిగింది మేడమ్. వీధుల్లో మాటలు పడింది. ఒక ఊళ్లో సభ జరుగుతుండగా ఎవరో రాయి విసిరితే కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి, ఆ మచ్చ ఇంకా ఉంది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా విని మేడమ్ ఏదో రాక్షసి అనుకుంటారు. రాక్షసి చేసి ఉంటే ఇంత ఒళ్లు మండేది కాదు.

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. ఎవరి జీవితం పుస్తకంగా వస్తోందో ఆమెకి, అచ్చుకు ముందు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా గట్టిగా చదివి వినిపించాలి. ఆమె తలూపితే సరిపోదు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి, రాయడం రాకపోతే వేలిముద్ర వెయ్యాలి. వేలిముద్ర పడ్డాక అక్షరం తప్పు దిద్దడమే గానీ, మాట మార్చే హక్కు ఎవరికీ లేదు, మేడమ్‌కి కూడా. ఈ పద్ధతి పెట్టింది మేడమే. చదివి వినిపించేది సున్నాలత్తయ్య.

ఆయమ్మ పుస్తకం కూడా అలాగే వినిపించింది. ఆయమ్మంటే పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు పనిచేసినావిడ. చదువు రాదు. ఆవిడ చెబుతుంటే రికార్డు చేసి కంపోజింగ్ పిన్ని టైపు చేసింది. ఆసుపత్రి వెనక దుప్పట్లు ఆరేసే చోట, నాలుగు మధ్యాహ్నాలు, సున్నాలత్తయ్య చదువుతూ ఉంటే ఆయమ్మ కాళ్లు బారజాపుకుని వింది. ఒకచోట ఆపింది. "కన్నీరు మున్నీరుగా అని ఎవరు పెట్టారక్కా? నేను ఏడవలేదు, తీసెయ్." తీసేశారు. సున్నాలత్తయ్యకి ఆ రోజు ఎంత సంబరమైందో చెప్పలేను. ఇన్నేళ్లకి ఒక పుస్తకంలో ఆడమనిషి, ఏడవలేదని పుస్తకానికే చెప్పింది.

ఆయమ్మ కథ పెద్దదేం కాదు. కూతురు పదో తరగతిలో బడికంతటికీ మొదటొచ్చింది. మొగుడు ఆ మార్కుల కాగితం చింపి పొయ్యిలో పెట్టి, పిల్లని నూలు మిల్లులో చేర్చాడు. నెల తిరక్కుండా యంత్రంలో పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. "పని కొత్త కదా, ఇలాంటివి అవుతుంటాయి" అన్నాడు మొగుడు. ఆ రోజు నుంచి ఆయమ్మ ఆయనతో మాట్లాడలేదు. అదే ఇంట్లో ఉంది. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, జ్వరమొస్తే మందు వేసింది. మాట మాత్రం లేదు. పందొమ్మిదేళ్లు. ఆయన పోయే రోజు గురించి ఆయమ్మ చెప్పింది ఇంతే: "నన్ను పిలిచాడు. ఒక్క మాట అనవే అన్నాడు. గ్లాసుతో నీళ్లిచ్చాను. దుప్పటి సరిచేశాను. మాట అనలేదు. అందుకు నాకు బాధేం లేదు." ఆ పేజీ కింద వేలిముద్ర అన్నిటికన్నా నల్లగా పడింది, అంత గట్టిగా నొక్కింది.

పుస్తకం వచ్చింది. చిన్న హాల్లో సభ పెట్టారు, ఆయమ్మకి శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. ఆరు వందల కాపీలు వేస్తే నూటయాభై దాకా పోయాయి. తక్కినవి మూడో గదిలో ఉన్నాయి.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయమ్మ ఇనప మెట్లెక్కి వచ్చింది. తువ్వాల్లో చుట్టిన పుస్తకం విప్పి సున్నాలత్తయ్య బల్ల మీద పెట్టింది.

"అక్కా, చివరి పాఠం ఒకసారి చదువు."

"నువ్వు విన్నదేగా?"

"విన్నాననే అనుకుంటున్నాను. చదువు."

"ఏమైంది ఆయమ్మా?"

"నా కూతురు నాతో మాట్లాడి పదకొండు రోజులైంది. ఈ పుస్తకం చదివి మూసిన దగ్గర్నుంచీ మాట లేదు. అన్నం పెడుతుంది, వెళ్లిపోతుంది. నేను ఆయనకి ఎలా పెట్టేదాన్నో అలాగే పెడుతోంది, అక్కా."

సున్నాలత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని నూటనలభై రెండో పేజీ తీసింది. ఆవిడకి కంచులాంటి గొంతు. ఆ గొంతుతోనే చదివేసింది, ఆగకుండా: "చివరి రోజున ఆయన చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. పందొమ్మిదేళ్ల మౌనం కన్నీరై కరిగిపోయింది. మిమ్మల్ని క్షమించాను అన్నాను. ఆయన కళ్లలో వెలుగు చూశాను."

చదివాక గానీ తను ఏం చదివిందో ఆవిడకి తెలియలేదు.

ఆయమ్మ మెల్లిగా అంది. "మౌనం అనే మాట నా నోటికే తిరగదు. ఆయన చెయ్యి నేను పట్టుకున్నానా? నా బిడ్డకి మార్కుల కాగితం లేదు, వేళ్లు లేవు, పెళ్లి లేదు. నేను దానికి ఇవ్వగలిగింది ఒక్కటే. వాడితో మాట్లాడలేదు. అదొక్కటే ఇచ్చానక్కా జన్మలో. అది కూడా చాటుగా వాడికే ఇచ్చేశానని రాశారు. ఇంక నా బిడ్డ మాట్లాడుతుందా నాతో? నేనే దాని చోట ఉంటే మాట్లాడను."

కంపోజింగ్ పిన్ని కుర్చీలో కుక్కిన పేనులా కూర్చుంది. సున్నాలత్తయ్య అటు తిరిగింది.

"ఎవరు మార్చారు?"

"మేడమ్ చెప్పారు, కొట్టాను." అంది పిన్ని. "ఆఖరి ప్రూఫు మీరు చూస్తారుగా అత్తయ్యా. మీ కంట పడకుండా పోదు, మీరే పట్టుకుంటారు, మేడమ్‌ని మీరే ఆపుతారు అనుకున్నాను."

సున్నాలత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా మొదటి గదిలోకి వెళ్లి, పుస్తకం మేడమ్ ముందు పడేసింది.

"ఇది ఎవరన్నారు మేడమ్? ఆయమ్మ అనలేదు, నేను చదవలేదు. ఈ నాలుగు ముక్కలు ఎవరి నోట్లోంచి వచ్చాయి?"

మేడమ్ పేజీ చూసి కళ్లజోడు తీసింది. "కూర్చోండి అత్తయ్యా."

"నిలబడే వింటాను."

"కాలేజీల్లో పాఠంగా పెట్టే కమిటీ ఉంది కదా. అంతా బాగుంది గానీ చివర మరీ చేదుగా ఉంది, కాస్త ఆశ కనపడాలి అన్నారు. నాలుగు వాక్యాలు. వాటి కోసం పట్టుపడితే పుస్తకం పక్కన పెట్టేస్తారు. పట్టు విడిస్తే వేలమంది పిల్లలు ఆయమ్మ కథ చదువుతారు. ఆలోచించండి. ఎన్నేళ్లు తిరిగాను నేను ఇలాంటి అవకాశం కోసం?"

"ఎవరి కథ చదువుతారు?"

"ఆయమ్మది."

"ఆయమ్మది కాదు. నేను ఇరవై రెండేళ్లు దిద్దిన కథ. మొగుడు చచ్చే ముందు పెళ్లాం క్షమించే కథ. దానికి ఇంత దూరం రావడం ఎందుకు, అది ఏ ప్రెస్సులోనైనా వేస్తారు. లాభాపేక్ష లేదని బోర్డు పెట్టుకున్నాం, బాగానే ఉంది. నిజం మీద అపేక్ష కూడా లేదా మనకి?"

"అత్తయ్యా, మాట తూలకండి."

"ఆవిడకి మళ్లీ ఎందుకు వినిపించలేదు?"

మేడమ్ కనుబొమ్మ మీది మచ్చ రుద్దుకుంది. "వినిపిస్తే ఒప్పుకోదు కదా" అంది చివరికి.

ఒప్పుకోదని తెలిసి చేసిందన్నమాట. చదువు రాని మనిషి, ఎప్పటికి తెలిసేను అనుకుందన్నమాట. పొయ్యిలో మార్కుల కాగితం పెట్టినవాడు కూడా కనీసం ఎదురుగానే పెట్టాడు.

మేడమ్‌కీ పౌరుషం వచ్చింది. సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "అంతా నా మీదే పెట్టకండి. ఆఖరి ప్రూఫు మీద సంతకం ఎవరిది?"

సున్నాలత్తయ్యదే. తేదీతో సహా.

ఎలా జరిగిందో ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఆఖరి ప్రూఫు ఆవిడ వెనకనుంచి చూస్తుంది. చివరి పేజీలో చివరి మాట దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మాటా వెనక్కి. అట్టముక్కలో చిన్న కిటికీ కోసి పెట్టుకుంది, అందులోంచి ఒక్క మాటే కనపడుతుంది. ముందునుంచి చదివితే కథ కళ్లని లాక్కుపోతుంది, తప్పులు జారిపోతాయి. అందుకని సీసం అక్షరాల రోజుల్లో ఒక పెద్దాయన నేర్పిన విద్య అది. అలా చూస్తే ప్రతి అక్షరం కనపడుతుంది, ఒక్క సంగతీ తెలియదు. "చూశాను", "వెలుగు", "కళ్లలో". అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "క్షమించాను" కూడా ఆ కిటికీలోంచే వెళ్లింది. సున్నా ఉంది కదా అని చూసి, అట్టముక్క జరిపింది.

మర్నాడు పొద్దున్నే, వేలిముద్రలున్న కాగితాల కట్ట చంకన పెట్టుకుని పార్సిల్ ఆఫీసుకి వెళ్లింది. ఆయమ్మ కూతురు అక్కడ కౌంటరులో కూర్చుని పెట్టెల మీద చిరునామాలు రాస్తుంది, ఎడమచేత్తో. ముప్పై ఏడేళ్లుంటాయి. మనిషిని చూస్తే కాస్త నెమ్మదిగానే ఉంటుంది గానీ, కలం పట్టుకున్న తీరు చూస్తే మొండిదని తెలిసిపోతుంది. సున్నాలత్తయ్య అసలు పేజీ తీసి ముందు పెట్టింది. కూతురు చదివింది. కింద నల్లటి వేలిముద్ర మీద చాలాసేపు చూపు నిలిపింది.

"మరి పుస్తకంలో అలా ఎందుకుంది?"

"మార్చారమ్మా. మీ అమ్మకి చెప్పకుండా మార్చారు. ఆఖరున నేను చూసి సంతకం పెట్టాను."

"చూసి కూడా పెట్టారా?"

"చదవలేదు. నేను అక్షరాలే చూస్తాను."

కూతురు కలం కింద పెట్టింది. "నా వేళ్లు పోయిన పేజీ కూడా అలాగే చూశారా?"

అబద్ధం చెబితే బాగుండేది. సున్నాలత్తయ్యకి జన్మలో అబద్ధం ఇంత అవసరం పడలేదు. "అలాగే చూశాను" అంది. "ఆ పేజీలో ఒక దీర్ఘం పోతే పెట్టాను."

కౌంటరు దగ్గర ఎవరో పెట్టె తెచ్చి పెట్టారు. కూతురు తూకం వేసి, చిరునామా రాసి, పక్కకి తోసింది. తర్వాత ఇటు తిరిగింది. "పదకొండు రోజులు మా అమ్మకి మాట లేకుండా అన్నం పెట్టాను. ఆవిడ అలా ఎందుకు అన్నదో కనుక్కుందామని కూడా అనిపించలేదు నాకు. అచ్చులో ఉంది కదా అని నమ్మేశాను. మా అమ్మ కన్నా మీ అచ్చునే నమ్మాను."

"తప్పు మాదమ్మా."

"ఈ కాగితం ఒక్కటే ఉంది. ఆ పుస్తకాలు ఎన్నున్నాయి?"

"నాలుగు వందల యాభై మిగిలాయి. సోమవారం కాలేజీలకి పంపుతారు."

"అయితే నాకు చూపించి ఏం లాభం? నాకు చెబితే మీ మనసు తేలికవుతుంది, అంతేగా. వాళ్లందరికీ ఎవరు చెబుతారు?"

సున్నాలత్తయ్యని ఇంతవరకూ ఎవరూ అలా కడిగెయ్యలేదు. కట్ట సర్దుకుని వచ్చేసింది. దారంతా తనని తనే తిట్టుకుంది, గట్టిగానే, పక్కన నడిచేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

శనివారం మేడమ్ ఆ కమిటీ మీటింగుకే వెళ్లింది. సున్నాలత్తయ్య కంపోజింగ్ పిన్ని పక్కన కుర్చీ లాక్కుని, పుస్తకాల్లో అంటించడానికి ఒక చీటీ చెప్పి టైపు కొట్టించింది. చీటీ కాగితం మీదకి రాగానే, కబురు చేసి పిలిపించిన ఆయమ్మకి మొదట చదివి వినిపించింది. పద్ధతి పద్ధతే.

"ఈ పేజీలో చివరి నాలుగు వాక్యాలు ఆయమ్మ అన్నవి కావు. ఆమెకి వినిపించకుండా సంస్థ వాళ్లు మార్చారు. చదవకుండా సంతకం పెట్టింది ప్రూఫులు చూసే నేను. ఆమె క్షమించలేదు. ఆమె అన్న మాటలు ఇవి..."

"ఆగక్కా" అంది ఆయమ్మ. "క్షమించలేదు అని ఎందుకు? నన్ను ఆ సంగతి ఎవరడిగారు? మాట్లాడలేదు. అంతే. అదే పెట్టు."

మార్చారు. మళ్లీ వినిపించారు. ఆయమ్మ వేలిముద్ర వేసింది. కంపోజింగ్ పిన్ని నాలుగు వందల యాభై చీటీలు ప్రింటు తీసింది.

ముగ్గురూ మూడో గదిలో నేల మీద కూర్చుని, కట్టలు విప్పి, ఆ నాలుగు వాక్యాల మీద చీటీలు అంటించడం మొదలుపెట్టారు. ఆయమ్మకి చదువు రాదు గానీ, ఆ పేజీ అడుగున పువ్వు బొమ్మ ఉంది, దాన్ని పట్టుకుని తిప్పేస్తోంది. మందు సీసాలకి చీటీలు అంటించిన చెయ్యి కదా, ఒక్కటీ వంకర పోలేదు. మధ్యాహ్నం దాటాక మెట్ల మీద చప్పుడైంది. పార్సిల్ ఆఫీసు నుంచి కూతురు వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. చెప్పులు విడిచి లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఇటివ్వమ్మా, సగం నాకు" అంది.

ఆయమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. చీటీల కట్ట సగం చేసి ఇచ్చింది.

మూడువందలు పూర్తయ్యేసరికి మేడమ్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. ఒక పుస్తకం తీసి చీటీ చదివింది. మొహంలో రంగు పోయింది.

"ఎవరిని అడిగి చేశారు అత్తయ్యా?"

"పుస్తకం ఎవరిదో ఆవిడని అడిగి."

"ఇవి కాలేజీలకి ఎలా పంపుతాం? సంస్థ పరువేం కాను? మనం మనమే కూర్చుని మాట్లాడుకోవాల్సింది."

"వేలిముద్ర పడ్డాక మాట మార్చే హక్కు మీక్కూడా లేదని మీరే రాశారు. చీటీలు పీకించాలంటే నన్ను ముందు పంపించెయ్యండి. నేను వెళ్లాక కూడా ఎవరడిగితే వాళ్లకి చెబుతాను."

మేడమ్ ఆవిడని వదిలేసి ఆయమ్మ ముందు గొంతుక్కూర్చుంది. చెడ్డ మనిషి కాదు, ఆ సంగతి ముందే చెప్పాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. "ఆయమ్మా, నీ మంచికే అనుకున్నాను. నీ కథ పదిమందికీ చేరాలనే. తప్పయిపోయింది. నువ్వు నన్ను తిట్టు, ఏదో ఒకటి అను."

ఆయమ్మ లేచింది. గది మూల ఉన్న స్టూలు తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, మేడమ్ పక్కన వేసింది. కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది. మళ్లీ తన చోట్లో కూర్చుని ఇంకో పుస్తకం తెరిచింది.

మేడమ్ ఆ నీళ్లు తాగలేదు. ఆ పుస్తకం రాతప్రతి నుంచీ చదివిన మనిషి, ఆ గ్లాసంటే ఏంటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"మాట్లాడకపోతే ఎలా ఆయమ్మా? ఎన్నాళ్లని?"

కూతురు తల ఎత్తకుండా ఎడమచేత్తో చీటీ మీద గుడ్డ అద్దింది.

"మా నాన్నకి పందొమ్మిదేళ్లు" అంది. "మీ సంగతి ఇంకా తెలీదు."